మిలిటరీ తాత సమాధి ఎక్కడుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల పాత సమాధుల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదండీ, కనిగిరి నుంచి నెల్లూరు దాకా, వాట్సాప్‌లో ఫోటోలు కూడా, వాటిల్లో సగం తలకిందులుగా తీసినవే. అన్నిటికీ రాయడం నా వల్ల కాదు, ఐదు ఎత్తుకున్నా. మొదటిది కాస్త పొడుగు, అలాంటి ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి కాబట్టి.

ప్రశ్న: సార్, మాది కనిగిరి దగ్గర పల్లె. మా జేజినాయన వాళ్ళ అన్న రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా పోయి మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మకి చాలా ఏళ్ళు పెన్షన్ మనియార్డర్ వచ్చేదంట. ఇంట్లో ఒక మెడల్ తప్ప ఏమీ లేదు, ఫోటో కూడా లేదు. మద్రాసు మిలిటరీ సమాధుల్లో పూడ్చారని మా పెద్దోళ్ళు చెప్తారు. నేను పోయి వరస వరసా తిరిగి చూశా, పేరు లేదు. ఆన్‌లైన్‌లో ప్రకాశం జిల్లా అని కొట్టి వెతికినా రాలేదు. ఇంకెక్కడ వెతకాలి?

జవాబు: అమ్మా, ముందు సమాధి సంగతి పక్కన పెట్టి ఆ మెడల్ బయటికి తీయండి. అందరూ దాని ముఖం చూస్తారు, ఒకవైపు రాజు తలకాయ, ఇంకోవైపు సింహం బొమ్మ, చూసి మళ్ళీ డబ్బాలో పెట్టేస్తారు. చూడాల్సింది అంచు. రూపాయి బిళ్ళకి గీతలుండే చోటు ఉంటుంది చూడండి, అక్కడ. మన ఇండియా సైనికులకి ఇచ్చిన రెండో యుద్ధం మెడల్స్ చాలావాటి మీద పేరు కొట్టి ఇచ్చేవాళ్ళు, బ్రిటిష్ సైనికులకి ఆ యుద్ధంలో ఇచ్చినవి చాలావరకు ఉత్తవే, ఆ విషయంలో మనం అదృష్టవంతులం. అంచు మీద మొదట నెంబర్, తర్వాత ర్యాంకు, పేరు, చివర్లో యూనిట్ పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఒకవేళ గుండ్రంగా కాకుండా నక్షత్రం ఆకారంలో ఉంటే, అంటే బర్మా స్టార్ లాంటిదైతే, వెనక వైపు చూడాలి. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి జూమ్ చేస్తే చాలు.

ఇంకో మాట, దాన్ని చింతపండు పెట్టి తోమొద్దు. మా అత్త ఒకావిడ దీపావళి వచ్చిందంటే ఇత్తడి చెంబులతో పాటు వాళ్ళ మామగారి మెడల్‌ని కూడా చింతపండు, ఇటికపొడి వేసి మెరిసేట్టు తోమేది, నలభై ఏళ్ళు తోమింది పాపం భక్తిగా. ఇప్పుడు ఆ అంచు మీద ఒక 4 అంకె, ఎస్ లాంటి ఒక వంకర గీత తప్ప ఏం మిగల్లేదు. నెంబర్ పోయాక ఆ మనిషిని మేము ఇంతవరకు పట్టుకోలేకపోయాం.

నెంబర్ దొరికిందనుకోండి, అప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లోకి పోండి. 1917లో ఇంపీరియల్ అనే పేరుతో మొదలై 1960లో కామన్వెల్త్ అయింది, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన దాదాపు 17 లక్షల మంది లెక్క వాళ్ళ దగ్గర ఉంది, వెతకడానికి డబ్బులేం కట్టక్కర్లేదు. అక్కడ పేరుతో కాకుండా నెంబర్‌తో వెతకండి. ఎందుకంటే పేర్లని అప్పటి క్లర్కులు వాళ్ళకి వినపడినట్టు రాసుకున్నారు, వెంకటస్వామి అనే ఒక్క పేరుని ఇంగ్లీషులో ఒకడు వై తో ముగిస్తే ఇంకోడు ఐ తో ముగిస్తాడు, మద్రాసు సైన్యంలో అయితే స్వామిని ‘సామి’ అని, ‘సామీ’ అని రకరకాలుగా రాశారు. ఇంటిపేరు ఉండాల్సిన గడిలో ఆయన సొంత పేరే ఉంటుంది, అసలు ఇంటిపేరు ఎక్కడా ఉండదు. మీరు ఇంటిపేరు కొట్టి వెతికి ఉంటారు, అవునా?

రెండో తప్పు, ప్రకాశం జిల్లా అని కొట్టడం. ఆయన సైన్యంలో చేరిన నాటికి ప్రకాశం జిల్లా పుట్టనే లేదమ్మా! 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా వచ్చింది, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. అంతకుముందు కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లా. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లా. ఈ ముక్క తెలీక ఎంతమంది తిరుగుతున్నారో, మార్కాపురం ఆయన ఒకరు మూడేళ్ళు నెల్లూరు అని వెతికి విసుగొచ్చి వదిలేస్తే, కర్నూలు అని చూసేసరికి పది నిమిషాల్లో దొరికింది. ఆ లిస్టులో చాలామందికి పేరు పక్కన ‘ఫలానా వారి కొడుకు, ఫలానా ఊరు, నెల్లూరు, ఇండియా’ అని ఉంటుంది. ఊరి పేరు కూడా నోటికొచ్చినట్టే రాసి ఉంటారు, గట్టిగా పైకి చదివితే అర్థమవుతుంది, కళ్ళతో చదివితే కాదు.

ఇంక సమాధి. ఇది చెప్పడం కష్టంగానే ఉంది గానీ, మీ పెద్దాయనకి అసలు సమాధి ఉండకపోవచ్చు. హిందూ సైనికుల్ని వీలైన చోటల్లా దహనం చేశారు, అడవిలో, వెనక్కి తగ్గేటప్పుడు పోయినవాళ్ళయితే ఎక్కడ పడ్డారో తెలీనివాళ్ళే ఎక్కువ. అలాంటివాళ్ళ పేర్లు గోడల మీద, స్తంభాల మీద చెక్కించారు. బర్మాలో పోయినవాళ్ళకి రంగూన్ మెమోరియల్ ఉంది, రంగూన్‌కి ఉత్తరాన తౌక్యాన్ అనే చోట, దగ్గర దగ్గర 27 వేల పేర్లు, అందులో మనోళ్ళు చాలామంది. మలయా, సింగపూర్ వైపు పోయినవాళ్ళయితే సింగపూర్లో క్రాంజీ దగ్గరున్న మెమోరియల్, అక్కడ 24 వేలకి పైగా. యుద్ధరంగంలో కాకుండా ఇండియాలోనే క్యాంపులోనో ఆస్పత్రిలోనో పోయినవాళ్ళ పేర్లు ఢిల్లీ–కరాచీ మెమోరియల్‌లో ఉంటాయి, 25 వేల పైచిలుకు, అయితే ఇది రాయి మీద కాదు, పుస్తకంలో రాసి పెట్టారు, ఢిల్లీ వార్ సిమెట్రీలో ఉంటుంది. కోహిమాలో దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకి విడిగా ఒక మెమోరియల్, 917 పేర్లు. మీరు మద్రాసులో వరస వరసా తిరిగారు చూడండి, ఆ తిరుగుడు వృథా అని అనను, కానీ ఆయన బర్మాలో పోయి ఉంటే మద్రాసుకి తెచ్చి పూడ్చే అవకాశం లేదు. పెద్దోళ్ళు మద్రాసు అని ఎందుకన్నారంటే బహుశా ఆయన రైలెక్కింది అక్కడే అయ్యుంటుంది, చివరిసారి చూసిన ఊరే వాళ్ళ మనసులో సమాధి ఊరు అయిపోయి ఉంటుంది.

ఇంతా చేసినా దొరక్కపోతే? అది మీ తప్పే అనుకోవద్దు. 2021లో ఆ కమిషనే తన పాత లెక్కల మీద ఒక రిపోర్టు వేసింది, మొదటి యుద్ధంలో పోయిన ఇండియా, ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళలో 45 వేల నుంచి 54 వేల మందిని తెల్లవాళ్ళతో సమానంగా గుర్తుంచుకోలేదని, ఇంకా కనీసం 1,16,000 మందికి ఎక్కడా పేరే లేకుండా పోయిందని ఒప్పుకుంది. వందేళ్ళు పట్టింది ఒప్పుకోడానికి. అది మొదటి యుద్ధం సంగతే అనుకోండి, కానీ పేరు తప్పిపోయిందని రుజువు చూపిస్తే రెండో యుద్ధం వాళ్ళవి కూడా చేరుస్తారు. ఆయన సర్వీసులో ఉన్నాడు అనడానికి ఒక కాగితం, ఎప్పుడు ఎలా పోయాడో చెప్పే కాగితం ఇంకొకటి కావాలి. వాటి కోసం రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకి రాయాలి, మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌ది, అంటే సైన్యంలో ఇంజనీర్ల దళానిది, బెంగళూరు. ఏ యూనిట్‌కి ఏ ఆఫీసో తెలీకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. వాళ్ళ అమ్మకి పెన్షన్ వచ్చేదన్నారు కదా, అంటే ఎక్కడో పెన్షన్ ఫైలు నడిచిందన్నమాట, ఆ మనియార్డర్ రసీదు ముక్క ఒక్కటి ట్రంకుపెట్టె అడుగున దొరికినా దాని మీద నెంబర్ ఉంటుంది. పాత భారతం, భాగవతం పుస్తకాల మధ్యలో కూడా చూడండి, నేను చూసినవాటిల్లో సగం అక్కడే దొరికాయి.

ప్రశ్న: అన్నా, నేను నెల్లూర్లో డిగ్రీ చదువుతా ఉండా. మా ఇంటి దగ్గర పాత సమాధుల తోటలో కంపచెట్లు కొట్టేస్తుంటే ఒక పెద్ద రాయి బయటపడింది. ఇంగ్లీషులో ‘ఎం.ఎన్.ఐ.’ అని, ‘లెఫ్టినెంట్’ అని కనపడతా ఉంది, మిగతాదంతా సున్నం. ఇది వరల్డ్ వార్ సమాధేనని మా ఫ్రెండ్స్ అంటున్నారు. యాసిడ్ పోసి కడిగి ఫోటో తీసి పంపమంటారా?

జవాబు: యాసిడ్ ముట్టుకోవద్దు బాబూ, నీకు దణ్ణం పెడతా. నీ వయసులో నేనూ అదే పని చేశా, ఒక చలవరాతి పలకని ఇనప బ్రష్‌తో గీకి, బాత్రూం యాసిడ్ పోసి, బుసబుసా నురగ వస్తుంటే మురికి పోతోందని సంతోషపడ్డా. పోయింది మురికి కాదు, రాయి. చలవరాయి, సున్నపురాయి రెండూ యాసిడ్‌కి కరిగిపోతాయి. ఆ పలక మీద ఆవిడెవరో చనిపోయిన నెల ఇప్పటికీ ఎవరికీ తెలీదు, నా పుణ్యాన.

సున్నం ఎందుకుంటుందంటే, నవంబర్ 2న సమాధుల పండక్కి కొవ్వొత్తులు వెలిగించే ముందు తమవాళ్ళ సమాధులకి సున్నం కొడతారు కదా, పక్కన దిక్కులేని దొర సమాధి ఉంటే పాపం దానికీ నాలుగు చేతులు వేస్తారు. ప్రేమతోనే చేస్తారు గానీ ఏడాదికో పొర చొప్పున అక్షరాల గాడుల్లో గట్టిపడిపోతుంది. మంచినీళ్ళతో తడిపి, మెత్తటి కుంచె బ్రష్‌తోనో, వెదురు పుల్లతోనో పై పెచ్చులు ఊడొచ్చినంత వరకు తీయి, రానిది వదిలేయి. ముగ్గుపిండి, సుద్ద, పసుపు రాసి అక్షరాలు తేల్చడాలు వద్దు. దానికంటే మంచి ఉపాయం, రాత్రి పూట పో. ఒకడు రాయికి ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడాలి, ఇంకొకడు టార్చిలైటు రాయి పక్కన, దాదాపు రాయికి ఆనించి అడ్డంగా వెయ్యాలి. మధ్యాహ్నం ఎండలో చదునుగా కనపడిన రాయి మీద అక్షరాలు నీడలతో లేచి కూర్చుంటాయి, మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది నాకు. లైటు ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి పైనుంచి మార్చి మార్చి తీయండి. కాళ్ళకి బూట్లు మాత్రం వేసుకోండి, ఆ కంపలో రక్తపింజర్లు ఉంటాయి. పోయేముందు ఆ చర్చి సంఘం పెద్దలకి ఒక మాట చెప్పి పోండి, రాత్రి పూట సమాధుల్లో టార్చి తిప్పుతూ కనపడితే గుప్తనిధుల వాళ్ళనుకుని తంతారు.

ఇప్పుడు నీ రాయి సంగతి. ఎం.ఎన్.ఐ. అంటే మద్రాస్ నేటివ్ ఇన్‌ఫంట్రీ, మన సిపాయిల పదాతి దళం. 1885లో ఆ రెజిమెంట్ల పేర్లలోంచి నేటివ్ అనే మాట తీసేశారు, కాబట్టి నీ లెఫ్టినెంట్ ప్రపంచ యుద్ధాల కంటే చాలా ముందువాడు. ఆ అక్షరాలకి ముందు ఒక అంకె ఉండాలి, అది ఎంత కష్టమైనా చదువు, ఆ అంకె లేకపోతే ఏ రెజిమెంటో తెలీదు. ఇంకో తిరకాసు, 1903లో మద్రాసు పదాతి దళాల నెంబర్లన్నిటికీ 60 కలిపారు, 13వది 73వది అయింది అలా. పాత రాయి మీద 13 అని చూసి కొత్త పుస్తకంలో 13 అని వెతికితే ఎక్కడో రాజస్థాన్ వైపు తేలతావు.

నెల్లూరులో మిలిటరీ దొరలు ఎందుకు చచ్చిపోయారు అంటావా, యుద్ధం చేసే కాదు. 1757లో కల్నల్ ఫోర్డ్ నెల్లూరు కోట మీదికి వచ్చి పట్టలేక పోయిన మాట నిజమే, కానీ రాళ్ళు మిగిలింది చాలావరకు కలరా వల్ల, జ్వరాల వల్ల పోయినవాళ్ళవి. రైలు రాకముందు మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే పటాలాలన్నీ మన నెల్లూరు, ఒంగోలు మీదుగా నడిచే పోయేవి, మజిలీ మజిలీకి గుడారాలు, చెరువు నీళ్ళు, కలరా తగిలిందంటే రోజుకి ఇంతమందని పూడ్చుకుంటూ నడవడమే. అందులో ఆఫీసరు పోతే తోటి ఆఫీసర్లు చందాలు వేసుకుని రాయి చెక్కించేవాళ్ళు. సిపాయి పోతే ఏ రాయీ లేదు. నీకు దొరికింది లెఫ్టినెంట్ రాయే ఎందుకైంది, పక్కన సిపాయిది ఎందుకు లేదు అంటే ఇదే సంగతి.

ఇంగ్లీషు అక్షరాలు కనపడ్డవన్నీ మిలిటరీవి కూడా కాదు. నెల్లూరికి 1840లోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వచ్చింది, తర్వాత ఒంగోలుకి, మన వైపు పాత రాళ్ళల్లో వాళ్ళ పిల్లల సమాధులు కూడా ఉంటాయి. ‘రెవరెండ్’ అంటే మిషనరీ, ‘రెలిక్ట్ ఆఫ్’ అంటే ఫలానాయన విధవ అని, అదేదో ఊరి పేరనుకుని నేను ఒకసారి మ్యాపులో వెతికా, నవ్వొద్దు.

చదవగలిగినంత చదివాక జె.జె. కాటన్ అనే ఐసీఎస్ ఆయన 1905లో మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల రాతలన్నీ జిల్లాల వారీగా వేసిన పుస్తకం నెట్‌లో దొరుకుతుంది, అందులో చూడు. అప్పట్లో అక్షరాలు ఇంకా చెరగలేదు కాబట్టి నీకు కనపడని లైన్లు ఆయనకి కనపడి ఉంటాయి. అందులో లేకపోతే లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల ఖనన రిజిస్టర్లు ఉన్నాయి, 1698 నుంచి 1948 దాకా, వాటికి ఎన్/2 అని వరస నెంబర్. ఫిబిస్ అనే సంస్థ వాళ్ళు వాటిల్లో చాలా పేర్లు ఎక్కించి ఉచితంగా వెతుక్కోనిస్తున్నారు.

ప్రశ్న: అసలు వరల్డ్ వార్ సమాధి అని చూడగానే ఎలా గుర్తుపట్టాలి? మద్రాసు వార్ సిమెట్రీకి ఎలా పోవాలి? (కావలి నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, నిలువు పలక, పైభాగం కొంచెం వంపుగా, ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 15 అంగుళాలు. జనరల్ అయినా సిపాయి అయినా అదే సైజు, అది వాళ్ళు మొదట్నుంచీ పెట్టుకున్న నియమం. పైన రెజిమెంట్ గుర్తు, కింద నెంబర్, ర్యాంకు, పేరు, తేదీ, వయసు, తర్వాత క్రైస్తవులకి సిలువ, ముస్లింలకి అరబ్బీ వాక్యం, హిందువులకి ‘ఓం భగవతే నమః’ అని దేవనాగరిలో. అట్టడుగున ఇంటివాళ్ళు రాయించుకునే ముక్క, 66 అక్షరాలు దాటకూడదు. కోహిమా లాంటి చోట్ల నిలువు పలక బదులు చిన్న దిమ్మె మీద కంచు పలక ఉంటుంది. మన ఊళ్ళ సమాధుల తోటల్లో ఇలాంటివి కనపడకపోవడానికి కారణం, శాశ్వతంగా చూసుకునే దిక్కులేని చోట్ల ఉన్న రెండో యుద్ధం సమాధుల్ని దక్షిణ, తూర్పు ఇండియా అంతటా పోగుచేసి 1952లో మద్రాసు నందంబాక్కంలో ఒకచోట పెట్టారు, అవి 850కి పైగా. మొదటి యుద్ధం వాళ్ళని కదిలించలేదు, వెయ్యి మందికి పైగా పేర్లు అక్కడే ఒక మెమోరియల్ మీద చెక్కారు. నెల్లూరు నుంచి పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు, సెంట్రల్ నుంచి ఎయిర్‌పోర్టు వైపు పోయి, మౌంట్–పూనమల్లి రోడ్డు అని అడగండి. ఇలాంటి చోట్ల గేటు దగ్గర చిన్న పెట్టెలో రిజిస్టర్ పెడతారు, ముందు అది చూసుకుని లోపలికి పోండి, ఎండలో తిరగడం తప్పుతుంది.

ప్రశ్న: మా ఊరి చెరువు కట్ట మీద కత్తి పట్టుకున్న మనిషి చెక్కిన రాయి ఉండాది. మా వాళ్ళు ఆంజనేయస్వామి అని సింధూరం పూస్తారు. ఇది కూడా సైనికుడి సమాధేనా? (పొదిలి)

జవాబు: ఫోటో చూశా, తోక లేదు కదండీ! అది వీరగల్లు. ఊరి కోసమో, పశువుల మందని దొంగలెత్తుకుపోతుంటే అడ్డం పోయో చచ్చినవాడికి నిలబెట్టిన రాయి. మూడు అంతస్తులుగా ఉంటే కింద పోరాటం, మధ్యలో అప్సరసలు చెరోపక్క పట్టుకుని తీసుకుపోవడం, పైన శివలింగం, సూర్యచంద్రులు. సూర్యచంద్రులున్నంత కాలం ఉండాలని ఆ గుర్తు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అని ఇద్దరు 1905లో నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు భాగాలుగా అచ్చేశారు, అప్పటి పొదిలి తాలూకా కూడా అందులో ఉంది, మీ రాయి కింద అక్షరాలుంటే అందులో చూడండి. సింధూరం గీకే పని పెట్టుకోకండి. పూజ జరుగుతోంది కాబట్టే ఆ రాయి ఇంకా చెరువు కట్ట మీద ఉంది, లేకపోతే ఈపాటికి ఎవరింటి ముందో బట్టలుతికే బండ అయ్యుండేది.

ప్రశ్న: మా నాన్న మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దార్. బర్మా యుద్ధంలో కూడా ఉన్నారు, రిటైర్ అయ్యి మా ఊర్లోనే పోయారు. సమాధికి కామన్వెల్త్ వాళ్ళు రాయి వేస్తారా, మేమే వేయించుకోవాలా? మేముండేది చీమకుర్తి. (ఒక కూతురు)

జవాబు: వాళ్ళు వేయరమ్మా. రెండో యుద్ధానికి వాళ్ళ లెక్క 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 మధ్య చనిపోయినవాళ్ళకే. యుద్ధం చేసి బతికొచ్చినవాడు వాళ్ళ లెక్కలోకి రాడు. ఢిల్లీలో 2019లో కట్టిన నేషనల్ వార్ మెమోరియల్ స్వాతంత్ర్యం తర్వాత యుద్ధాల్లో, ఆపరేషన్లలో అమరులైన వాళ్ళది, అందులోనూ రాదు. మీరే వేయించుకోవాలి, చీమకుర్తిలో ఉండి రాయికి వెతుక్కోడం ఏంటి, లోకమంతా మీ ఊరి గెలాక్సీ రాయే కొనుక్కుపోతోంది. కాకపోతే పాలిష్ చేసిన నల్లరాయి మీద లేజర్‌తో పైపైన గీకి బంగారు రంగు పూస్తారు, మొదట్లో బ్రహ్మాండంగా ఉంటుంది, రంగు పోయాక ఏం కనపడదు. అక్షరాలు లోతుగా ఉలితో కొట్టమనండి, కొంచెం ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. రెజిమెంట్ గుర్తు ఏనుగు వేయించుకోవచ్చు గానీ మూడు సింహాల బొమ్మ వద్దు, దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకూడదని 2005లో చట్టం వచ్చింది. ‘కె. రావు’ అని కాకుండా ఇంటిపేరు పూర్తిగా, తండ్రి పేరుతో సహా రాయించండి. పేరు పైన, ర్యాంకు పక్కన, ఆయన ఆర్మీ నెంబర్ కూడా.